బడ్జెట్టు అను తోలుసంచి

గ్రామపంచాయతీ సమావేశములలో తరచు వినబడు మాటలలో "బడ్జెట్టు" ఒకటి. బాపట్ల జిల్లా వేమూరులో గాని, చుట్టుపట్ల గ్రామములలో గాని ఈ మాట నెరుగని పంచాయతీ సభ్యుడుండడు. ఐనను ఇది ఎచ్చటినుండి వచ్చినది, మొదట దేనికి పేరై యుండినది అని విచారించువారు తక్కువ. మాట పుట్టుక తెలిసినచో మన బాధ్యతయు కొంత తేటపడును. అందుచే దాని చరిత్ర నిచట వివరింపదలచితిమి.

పూర్వము గాల్ దేశమున, అనగా నేటి ఫ్రాన్సు ప్రాంతమున, తోలుసంచిని "బుల్గా" అనెడివారు. రోమనులు ఆ మాటను తమ లాటిను భాషలోనికి గ్రహించిరి. పాత ఫ్రెంచిలో అది "బూజ్" అయినది. చిన్నసంచి "బూజెట్" అయినది. 15వ శతాబ్దమున ఈ మాట ఇంగ్లీషున ప్రవేశించి, క్రమముగా "బడ్జెట్" అయినది. మన పెద్దలు మొలకు కట్టుకొనిన డబ్బుసంచి వంటి దన్నమాట. అప్పటికి దానికి ప్రభుత్వపు లెక్కలతో సంబంధము లేదు.

1733లో బ్రిటిషు మంత్రి రాబర్ట్ వాల్‌పోల్ ద్రాక్షసారాయము, పొగాకులపై ఎక్సైజు సుంకము విధింప యత్నించెను. ప్రజలలో అలజడి రేగెను. "బడ్జెట్టు విప్పబడినది" అను అర్థము గల పేరుతో ఒక కరపత్రము వెలువడెను. సంచి విప్పి బూటకపు మందులమ్ము వైద్యునితో ఆయనను పోల్చి అందులో పరిహసించిరి. ఎగతాళిగా పుట్టిన ఆ వాడుకయే కాలక్రమమున గౌరవము పొందినది. ఏటేట ఆదాయవ్యయములను పార్లమెంటు ఎదుట వివరించుటను "బడ్జెట్టు విప్పుట" అనసాగిరి. పిమ్మట ఫ్రెంచివారు ఈ మాటను కొత్త అర్థముతో ఇంగ్లీషునుండి తిరిగి తీసుకొనిరి. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు కొత్త నగలతో పుట్టింటికి వచ్చినట్లయినది.

భారతదేశమున 1860లో జేమ్స్ విల్సన్ మొదటి బడ్జెట్టును ప్రవేశపెట్టెను. స్వతంత్ర భారతపు మొదటి బడ్జెట్టును 1947 నవంబరు 26న షణ్ముఖం చెట్టిగారు సమర్పించిరి. మన రాజ్యాంగము 112వ అధికరణమున దీనిని "వార్షిక ఆర్థిక వివరణము" అని చెప్పినను, జనుల నోట నిలిచినది మాత్రము సంచి పేరే.

ఇక మన ఊరి సంచి సంగతి చూతము. ఇంటిపన్ను, ఇతర రుసుములు, ఆర్థికసంఘపు నిధులు ఇందు చేరును. ఈ సంచిలో అరలును కలవు. 2021-26 కాలమునకు 15వ ఆర్థికసంఘము గ్రామములకిచ్చిన నిధులలో నూటికి 60 పాళ్లు మంచినీరు, పారిశుద్ధ్యములకే ప్రత్యేకింపబడెను. ఒక అరలోని సొమ్మును వేరొక పనికి వాడరాదని సభ్యులు గుర్తింపవలెను.

ఒక ఉదాహరణ తీసుకొందము. ఇంటిపన్ను క్రింద రావలసినది 4 లక్షలు, నిరుడు వసూలైనది రెండున్నర లక్షలు అనుకొందము. వసూలునకు ప్రయత్నమేమియు తలపెట్టక పద్దులో 4 లక్షలు వ్రాసినచో సంచి ఉబ్బి కనబడును గాని లోపల గాలియే యుండును. ఆ గాలిని నమ్మి పనులు తలపెట్టినచో చివరకు నష్టపోవునది ఊరే. కృష్ణా పశ్చిమ డెల్టాలో వేసవిన కాలువలు కట్టివేయుటకు ముందే మంచినీటి చెరువు నింపుకొనవలెను. నింపుటకు ముందు గట్లు, తూములు బాగుచేయవలెను. ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియును. ఆ సమయమునకు సొమ్ము మిగులనిచో, కాలువ మనకొరకు ఆగదు. బడ్జెట్టులోని ఒక తప్పు అంకె ఎండకాలమున బిందెలోని నీటికి ముప్పు తెచ్చును.

కావున కార్యదర్శి పద్దులు చదువునపుడు సభ్యులు చేవ్రాలు చేసి లేచిపోరాదు. నిరుడు అనుకొన్నదెంత, వచ్చినదెంత, బాకీ ఎవరివద్ద నున్నది, ఏ పనికి ఎంత వ్యయమైనది అని అడుగవలెను. అడుగుట అవిశ్వాసము కాదు. అది సభ్యుని ధర్మము. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము వార్షిక లెక్కలను, ఆడిటు నివేదికను, కొత్త పన్నుల ప్రతిపాదనలను గ్రామసభ ఎదుట ఉంచుమని చెప్పుచున్నది.

వేమూరునకు సమీపమందలి భట్టిప్రోలు స్తూపమున 1892లో రాతి భరిణెలు లభించినవి. రెండువేల యేండ్లకు పైబడిన ఆ భరిణెల శాసనములలో కుబీరక రాజు పేరుతోపాటు గోష్ఠి సభ్యుల పేర్లును కలవు. భరిణెపై పేరు చెక్కించుకొనినవారు దానికి బాధ్యులైరి. నేడు పంచాయతీ తీర్మానముపై మనము చేయు చేవ్రాలును అట్టిదే. విప్పి, లెక్కించి, పదిమందికి చూపిన సంచిపైననే మన పేరుండుట మర్యాద.