ఇంట్లో ఎలుక

మహారాష్ట్రలోని సోలాపూరు మగ్గాలకు పేరుపొందిన పట్టణం. ఇక్కడ తయారయ్యే చద్దర్లు, తువ్వాళ్లు దేశమంతటా అమ్ముడుపోతాయి. తరాల క్రిందట తెలంగాణ ప్రాంతం నుండి వచ్చిన తెలుగు నేతపనివారు ఇక్కడ స్థిరపడ్డారు. అటువంటి ఒక ఇంటి కథ ఇది.

ఆ ఇంటి ముందుగదిలో మగ్గం ఉంది. వెనుకగదిలో వంట. అక్కడే ఒక మూలన జొన్నల సంచి, దాని పక్కనే నూలు కండెల బుట్ట. ఒకనాటి ఉదయం తండ్రి బుట్ట తీసి చూసేసరికి కండెలు కొరికి ఉన్నాయి. జొన్నల సంచి అడుగున కన్నం పడింది. నూలు పాడైతే కూలి పోయినట్లే. ఆయనకు చాలా కోపం వచ్చింది. సాయంత్రం బజారు నుండి జిగురు పూసిన అట్ట ఒకటి తెచ్చి సంచి పక్కన పెట్టాడు.

అర్ధరాత్రి కీచుమని సన్నని శబ్దం వినిపించింది. ఆ ఇంటి పాప లేచి చూసింది. ఒక చిట్టెలుక అట్టకు అంటుకొని ఉంది. కదిలినకొద్దీ ఇంకా అంటుకుపోతోంది. కాలు వదిలించుకోబోయి మూతి కూడా జిగురులో పెట్టింది. దాని పొట్ట వేగంగా ఎగిసిపడుతోంది.

"అట్టతో సహా చెత్తకుండీలో పడేస్తాను. నువ్వు పోయి పడుకో" అన్నాడు తండ్రి.

"అది బతికే ఉంది కదా నాన్నా! చెత్తకుండీలో ఎంతసేపటికి చస్తుంది?" అని అడిగింది పాప.

తండ్రి జవాబు చెప్పలేదు.

ఇంతలో నాయనమ్మ లేచి వచ్చింది. చేతికి మందపు గుడ్డ చుట్టుకొని, ఎలుక అంటుకున్నచోట వంటనూనె చుక్కలు చుక్కలుగా వేసింది. నూనెకు జిగురు మెల్లగా వదిలింది. ఎలుకను గుడ్డపేలికలు వేసిన డబ్బాలో పెట్టి, తెల్లవారకముందే వీధి చివరి పొదల దగ్గర వదిలిపెట్టారు.

"నీకు దానిమీద జాలి. మరి నా నూలు మాటేమిటమ్మా?" అన్నాడు తండ్రి.

"నీ నష్టమూ నిజమే, దాని ప్రాణమూ నిజమే నాయనా! ఒక ఎలుకను చంపితే నూలు దక్కుతుందా? జొన్నల సంచి నేలమీద ఉన్నంతకాలం ఇంకొకటి వస్తుంది. ముందు అది వచ్చే దారి చూడు" అంది నాయనమ్మ.

నాయనమ్మ మాటలో నిజం ఉంది. ఎలుక మనమీద పగతో రాదు. తిండి కోసం, గూడు కోసం వస్తుంది. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరుకుతూ ఉంటేనే అవి అరుగుతాయి. అందుకే కర్ర, గుడ్డ, కాగితం, నూలు ఏది దొరికినా కొరుకుతుంది. ఆడ చిట్టెలుక ఇరవై రోజులకే పిల్లలను పెడుతుంది. ఒక్కొక్క ఈతలో సాధారణంగా ఐదారు పిల్లలు పుడతాయి. కనుక తిండి, దారి అలాగే ఉంచి ఎన్ని ఎలుకలను చంపినా వాటి బెడద తీరదు.

మరునాడు ముగ్గురూ ఇల్లంతా వెదికారు. చిట్టెలుక పందికొక్కులా పునాది తవ్వి రాదు. పెన్సిలు పట్టేంత సందు ఉంటే చాలు, అందులోనుండి దూరి వస్తుంది. పాప పెన్సిలు పట్టుకొని ప్రతి సందునూ పరీక్షించింది. తలుపు క్రింద ఒకటి, నీటిగొట్టం వచ్చేచోట ఒకటి, కరెంటు తీగ వచ్చేచోట ఒకటి కనిపించాయి. వాటికి సుద్దతో గుర్తు పెట్టింది.

జొన్నలు మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలోకి చేరాయి. కండెల బుట్ట గోడకున్న కొక్కానికి ఎక్కింది. రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచడం మానేశారు. తలుపు అడుగున రేకు కొట్టారు. తీగ పక్కనున్న సందులో ఇనుప పీచు కూరి సిమెంటు పూశారు. గుడ్డ, కాగితం కూరితే ఎలుక కొరికివేస్తుంది.

గొట్టం పక్కనున్న సందును మాత్రం వెంటనే మూయలేదు. అన్నింటినీ ఒకేసారి మూస్తే లోపల ఉన్న ఎలుకలు చిక్కుకొని ఆకలితో చస్తాయి. ఆ సందు దగ్గర బోను పెట్టారు. బోనులో పడిన ఎలుక ఎక్కువసేపు బతకదు. అందుచేత పాప పడుకోబోయే ముందు, తెల్లవారగానే బోను చూసేది. పడినదాన్ని వెంటనే పొదల దగ్గర వదిలేవారు. మరీ దూరం తీసుకుపోతే తెలియని చోట తిండి, గూడు దొరకక అది చస్తుంది. కొన్ని రాత్రులు సందు ముందు పలుచగా పిండి చల్లారు. వరుసగా నాలుగు రోజులు అడుగుల గుర్తులు కనబడలేదు. అప్పుడు ఆ చివరి సందునూ మూసివేశారు.

కొందరు ఎలుకలకు విషం పెడతారు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్లే ఈ పని. విషం తిన్న ఎలుక చాలాసార్లు వెంటనే చావదు. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చచ్చిపోవచ్చు. తెలియక చిన్నపిల్లలు నోట పెట్టుకొనే ప్రమాదమూ ఉంది.

జాలి ఉండాలి గాని అశ్రద్ధ పనికిరాదు. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనుషులకు సోకుతుంది. ఎలుకను ఒట్టిచేతితో పట్టుకోరాదు. దాని పెంటికలను పొడిగా ఊడ్వరాదు. క్రిమినాశక మందునీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మన దేశంలో 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కోసం రాజ్యసభ సభ్యురాలు, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ ఎంతో కృషి చేశారు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. జిగురు అట్టలను అరికట్టవలసిందిగా ఆ మండలి 2020లో రాష్ట్రాలను కోరింది.

నెల గడిచింది. బుట్టలోని కండెలు చెక్కుచెదరలేదు. మిగిలిపోయిన జిగురు అట్టను తండ్రి పారవేయబోతుంటే, "మడిచి, కాగితంలో చుట్టి వేయి నాన్నా! పిచ్చుకలు వాలితే అంటుకుంటాయి" అంది పాప.

తండ్రి నవ్వి, అట్టను మడిచాడు.

కొత్త పదాలు – అర్థాలు

కండె : నూలు చుట్టిన చిన్న గొట్టం
బెడద : బాధ, పీడ
బోను : జంతువును ప్రాణంతో పట్టే పెట్టె
పందికొక్కు : పెద్ద ఎలుక వంటి జంతువు. ఈ తెలుగు మాటే ఇంగ్లీషులోకి 'బాండికూట్' అని వెళ్లింది.

అభ్యాసం

1. పాప అడిగిన ప్రశ్నకు తండ్రి ఎందుకు జవాబు చెప్పలేకపోయాడు?
2. "నీ నష్టమూ నిజమే, దాని ప్రాణమూ నిజమే" – ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?
3. సందులన్నీ ఒకేసారి మూయకపోవడానికి కారణమేమి?
4. విషం పెట్టడాన్ని ఇంటికి నిప్పు పెట్టడంతో ఎందుకు పోల్చారు?
5. విడదీసి, సంధి పేరు చెప్పండి : ఇల్లంతా, దేశమంతటా.
6. మీ ఇంట్లో పెన్సిలు పట్టే సందులు ఎన్ని ఉన్నాయో పెద్దలతో కలిసి వెదకండి. వాటిని ఎలా మూయవచ్చో ఐదు వాక్యాలు రాయండి.