చిగురు జారిన పన్ను

అద్దంలో చూచుకొన్నప్పుడు ఏదో ఒక పన్ను మునుపటికంటె పొడవైనట్లు కనిపిస్తే, ఆ పన్ను పెరిగిందని భ్రమపడరాదు. పన్ను అంతే ఉన్నది. దానిని కప్పి ఉన్న చిగురు వెనుకకు తగ్గినది. దీనినే చిగురు జారటం అంటారు. ఇది ముసలితనపు లక్షణమనీ, దీనికి చేయగలిగినది ఏమీ లేదనీ మనవారిలో ఒక నమ్మకం ఉన్నది. వయసుతో పాటు ఇది ఎక్కువగా కనబడే మాట నిజమే కాని, కారణం వయసు కాదు.

పంటి పైభాగాన్ని పింగాణి పొర కప్పి ఉంటుంది. మన శరీరంలో దానిని మించిన గట్టి పదార్థం మరొకటి లేదు. ఆ పొర ముగిసే చోట చిగురు పంటిని చుట్టి పట్టుకొని ఉంటుంది. చిగురు క్రింద దాగి ఉండే వేరుకు ఇటువంటి కవచం లేదు. దానిపై ఉండేది సిమెంటం అనే పలుచని పొర మాత్రమే. బయటపడితే అది త్వరలోనే అరిగిపోతుంది. దాని లోపల ఉన్న డెంటిన్ నిండా కంటికి కనబడని సన్నని గొట్టాలు, వాటిలో ద్రవమూ ఉంటాయి. చల్లని నీరు తగలగానే ఆ ద్రవం కదలి లోపలి నరాన్ని కదిలిస్తుంది. పన్ను జివ్వుమనటానికి కారణం ఇదేనని స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రాన్‌స్ట్రోమ్ వివరించాడు.

ఇక చిగురు ఎందుకు జారుతుంది? ఈ ప్రశ్నకు సమాధానంగా నార్వే దేశీయుడైన హారాల్డ్ లో, ఆయన సహచరులు జరిపిన పరిశోధన మిక్కిలి ఆసక్తికరమైనది. వారు 1969లో ఓస్లో నగరంలోని విద్యార్థులను, విద్యాధికులను పరీక్షింపసాగారు. వారందరు చిన్ననాటి నుండి దంతవైద్యం పొందుతూ, శ్రద్ధగా పళ్ళు తోముకొనేవారు. 1970లో శ్రీలంక తేయాకు తోటలలోని తమిళ కూలీలను పరీక్షించటం మొదలుపెట్టారు. వారికి బ్రష్షూ తెలియదు, దంతవైద్యుడూ తెలియడు. ఏళ్ళ తరబడి సాగిన ఈ పరిశీలనలో చిగురు జారటాన్ని గురించిన ఫలితాలు 1992లో వెలువడినవి. శ్రీలంక కూలీలలో 40 ఏళ్ళకు చిగురు జారనివారు ఒక్కరు కూడ లేరు. ఇది మనం ఊహించగలిగినదే. కాని శుభ్రతకు మారుపేరైన నార్వే వారిలో 20 ఏళ్ళకే నూటికి 60 మందికి పైగా చిగురు జారి ఉన్నది! 50 ఏళ్ళు సమీపించేసరికి ఆ సంఖ్య 90 దాటినది.

అయితే రెండు చోట్లా జరిగినది ఒకటి కాదు. నార్వే యువకులలో చిగురు జారినది పంటి వెలుపలి వైపు, అనగా బుగ్గ వైపు మాత్రమే. కూలీలలో వెలుపల, లోపల, పళ్ళ సందులలో అన్ని ప్రక్కలా జారినది. అక్కడ పాచి గట్టిపడి గారగా మారి, చిగురు వాచి, క్రింది ఎముక కరగటం చేత జరిగిన నష్టమది. ఇక్కడ తోముడు బలమే ప్రధానంగా అనుమానింపదగినది. పైగా కోరపళ్ళ వంటి వాటి వేరుపై ఎముక సహజంగానే పలుచన. కొందరికి కొంత మేర అసలే ఉండదు. ఎముక ఆధారం లేని చోట పలుచని చిగురు రాపిడికి నిలువలేదు.

ఇది వ్రాస్తున్న నేను నార్వే జాబితాలోని వాడనే. హాస్టలులో ఉన్న రోజులలో గట్టి కుచ్చుల బ్రష్షుతో, అంట్లు తోమినట్లు అడ్డంగా తోమి, నా శుభ్రతకు నేనే గర్వించేవాడను. కుడిచేతివాటం వాడిని కనుక ఎడమ కోరపన్ను మీదనే ఆ ప్రతాపమంతా పడినది. కుండనీళ్ళు త్రాగలేని స్థితి వచ్చిన తరువాత గాని వైద్యుని వద్దకు పోలేదు. బ్రష్షు మెత్తనిది కావలెననీ, చిగురు నుండి పంటి కొన వైపుకు నెమ్మదిగా కదలవలెననీ అప్పుడు తెలిసినది. వేపపుల్లకైనా మిస్వాక్‌కైనా ఇదే నియమం; నమిలి మెత్తన చేయని పుల్ల బ్రష్షుకంటె మేలైనదేమీ కాదు. ఇటుక పొడి, బొగ్గు పొడి సంగతి చెప్పనక్కరలేదు.

జారిన చిగురు తనంతట తాను తిరిగి రాదు. చికిత్సతో తేవచ్చునా అనేది పళ్ళ సందులలోని చిగురును, ఎముకను బట్టి ఉంటుంది. 1985లో మిల్లర్ చేసిన వర్గీకరణకు ఇదే ఆధారం: సందులలో నష్టం లేకుంటే వేరును పూర్తిగా కప్పగలమని ఆశింపవచ్చును, నష్టం ఎక్కువైన కొలది ఆశ తగ్గుతుంది. ప్రక్క పంటి చిగురును జరిపి కప్పే పద్ధతిని 1956లో గ్రూప్, వారెన్‌లు ప్రకటించారు. అంగిలి లోపలి కణజాలాన్ని తీసి, చిగురు పొర క్రింద అమర్చే పద్ధతి 1985లో లాంగర్, లాంగర్‌లది. ఇందులోని చిక్కు ఒకటే. వేరు పైభాగంలో రక్తనాళాలు లేవు. దానిపై ఉంచిన కణజాలం బ్రతుకవలెనంటే రక్తం ప్రక్కల నుండి, పైన కప్పిన చిగురు నుండి రావలసిందే. పొగాకు వాడేవారిలో ఫలితాలు తక్కువగా ఉండటానికి రక్తప్రసరణ కుంటుపడటమూ ఒక కారణం.

అందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. నా విషయంలో వైద్యుడు గార తీసి, చిగురు అంచు ఎక్కడ ఉన్నదో మిల్లీమీటర్లలో కొలిచి వ్రాసుకొని, బ్రష్షు మార్పించి పంపించాడు. ఏటా ఒకసారి ఆ కొలత సరిచూస్తున్నాడు. మూడు మిల్లీమీటర్లు అప్పుడు, మూడే ఇప్పుడు.