పిల్లల మూత్రపిండ వ్యాధి: మూత్రంలో ఆనవాళ్లు

మూత్రపిండ నాళికల కణాల్లో తయారయ్యే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మూత్రంలోకి చేరుతుంది. నాళికలు దెబ్బతింటే దాని పరిమాణం తగ్గుతుంది. దీర్ఘకాలిక వ్యాధి ఉన్న పిల్లల్లో ఈ తగ్గుదల వ్యాధి త్వరగా ముదురుతుందనడానికి సూచిక. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం పెరిగేసరికి మూత్రపిండాల సామర్థ్యం చాలావరకు పోయి ఉంటుంది కాబట్టి, సూది గుచ్చకుండా దొరికే ఈ ఆధారం పసివాళ్లకు ఎంతో విలువైనది. ఈ గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్ 1986లో రీటా లెవీ మోంటాల్సినీతో నోబెల్ పంచుకున్నారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఫ్లోరైడ్ నీటి సమస్యలోనూ మూత్రపరీక్ష కీలకం. ఒంట్లోని ఫ్లోరైడ్ ప్రధానంగా మూత్రం ద్వారానే బయటికి పోతుంది. మూత్రపిండాలు బలహీనపడితే ఎముకల్లో మరింత పేరుకుంటుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు.