అడవి కేంద్రానిది, ఎల్క్ రాష్ట్రానిది

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. మోంటానాలో ఎల్క్ వేటకు వెళ్దామంటే లైసెన్సు రుసుము అక్కడివాళ్లకన్నా నాకు ఎన్నో రెట్లు ఎక్కువ. వేటాడేది జాతీయ అటవీ భూమిలోనే, నేనూ కేంద్రానికి పన్ను కడుతున్నాను. ఇది న్యాయమేనా?

జవాబు: ఇదే మోంటానా మీద, ఇదే ఎల్క్ గురించి మిన్నెసోటా వేటగాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారండీ. 1976లో స్థానికుడికి ఎల్క్ లైసెన్సు 9 డాలర్లు. బయటివాడు మాత్రం 225 డాలర్లు పెట్టి, ఇతర వేటలూ కలిపిన కాంబినేషన్ లైసెన్సే కొనాలి. వినోదానికి చేసే వేట బతుకుతెరువు లాంటి మౌలిక హక్కు కాదంటూ 1978లో కోర్టు రాష్ట్రాన్నే సమర్థించింది.

భూమి కేంద్రానిదైనా, దాని మీద తిరిగే జంతువుల బాగోగులు ప్రధానంగా రాష్ట్రం చూసుకుంటుంది. రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు చాలావరకు లైసెన్సు డబ్బుతోనే నడుస్తాయి. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం కింద, తుపాకులు, తూటాల మీద వసూలైన ఎక్సైజ్ పన్ను కూడా రాష్ట్రాలకు అందుతుంది. రైఫిళ్లు, తూటాల మీద అది 11 శాతం. అయితే ఆ డబ్బుతో చేపట్టే ప్రాజెక్టు ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రమే పెట్టుకోవాలి, లైసెన్సు ఆదాయాన్ని వేరే పనులకు మళ్లించకూడదు.

ఏడాది పొడవునా రాష్ట్ర పన్నులు కట్టేవాడికి కొంత తగ్గింపు సబబే. కానీ అక్కడ ఓటు లేదు కదా అని ప్రతి పెంపునూ బయటివాళ్ల నెత్తినే రుద్దడం నాకు నచ్చదు. స్థానికుల రుసుమూ పెరగాలి.

ఒక్క జాగ్రత్త. అక్కడి బంధువుల చిరునామా రాసి స్థానిక లైసెన్సు తీసుకోకండి. కనీసం 180 రోజులు నివాసముండాలి. అబద్ధం చెబితే నేరం.