పాత చైన్ ట్రాక్టర్: ముందు పుస్తకం, తర్వాత పానా

కాలిఫోర్నియా మధ్య లోయలో వానలన్నీ చలికాలంలోనే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బంకమట్టి చేలల్లోకి బండి దించడం కుదరదు. పండ్లతోటల రైతులు, చిన్న కమతాల వాళ్లు పాత క్రాలర్ ట్రాక్టర్లను, అంటే చైన్ ట్రాక్టర్లను, షెడ్డులోకి చేర్చి విప్పుకునేది అప్పుడే.

అసలు చైన్ ట్రాక్టర్ నిలదొక్కుకున్నది ఆ లోయలోనే. స్టాక్టన్ దగ్గర డెల్టా నేల మరీ మెత్తన. బరువైన ఆవిరి ట్రాక్టర్లు ఎంత వెడల్పు చక్రాలు వేసినా దిగబడిపోయేవి. 1904 నవంబరులో బెంజమిన్ హోల్ట్ ఒక ట్రాక్టర్ వెనక చక్రాలు ఊడదీసి, చెక్క పలకలు బిగించిన గొలుసులు తొడిగి రాబర్ట్స్ ఐలాండ్ పొలంలో నడిపి చూశాడు. 1925లో హోల్ట్ కంపెనీ, సి. ఎల్. బెస్ట్ కంపెనీ కలిసి క్యాటర్‌పిల్లర్ అయ్యాయి. 1938 నుంచి 1957 దాకా తయారైన ఆ కంపెనీ చిన్న డీజిల్ బండి డీ2ను ఇప్పటికీ తోటల్లో పనికి వాడుకునేవాళ్లున్నారు.

ఇలాంటి బండి కొన్నవాళ్లు ముందు సామాన్ల వేటలో పడతారు. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, సీరియల్ నంబరు చదివి రాసుకోవాలి. డీ2లోనే నంబరు 4యూతో మొదలైతే రెండు చైన్ల మధ్య దూరం 40 అంగుళాలు, 5యూతో మొదలైతే 50 అంగుళాలు. 3జే, 5జే అంటే 1947కు ముందు బండి, ఇంజన్ మోడలే వేరు. ఇంజన్ మీది నంబరు కూడా విడిగా రాసుకోవడం మంచిది, ఇన్నేళ్లలో ఇంజన్ మార్చిన బళ్లు తక్కువేమీ కాదు. భాగాల పుస్తకం ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వర్తిస్తుందో అట్ట మీదే వేస్తారు. అది సరిపోలితేనే డబ్బు పెట్టాలి.

ఒక కంపెనీ పుస్తకంతో ఇంకో కంపెనీ బండి విప్పితే నష్టమే. డీ2కు పెద్ద ఇంజన్‌ను తిప్పడానికి పక్కన రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ ఉంటుంది. ఇంటర్నేషనల్ కంపెనీ క్రాలర్ టీడీ-6కు అలాంటిదేమీ లేదు. ఆ డీజిల్ ఇంజనే ముందు స్పార్క్ ప్లగ్గులతో పెట్రోలు మీద స్టార్టయి, వేడెక్కాక డీజిల్‌కు మారుతుంది. డీ2 మలుపు తిరగడానికి ఒక్కో వైపు ఒక్కో క్లచ్చి. 1944లో ఆలివర్ కంపెనీలో కలిసిపోయిన క్లెట్రాక్ బళ్లకు ఆ క్లచ్చిలే ఉండవు, డిఫరెన్షియల్ సాయంతోనే తిరుగుతాయి. క్లెట్రాక్ షెడ్డులో డీ2 పుస్తకం ఉండి ప్రయోజనం లేదు.

పుస్తకాలు మూడు రకాలు. నడిపేవాడి కోసం ఒకటి, భాగాల బొమ్మలు, నంబర్లతో ఒకటి, మెకానిక్ కోసం కొలతలతో మరొకటి. చేతిలో డబ్బు తక్కువుంటే ముందు భాగాల పుస్తకమే కొనాలి. ఏ వాషరు దేని వెనక కూర్చోవాలో విడదీసిన బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. డీలర్ కౌంటర్‌లో భాగం నంబరు చెబితే కొన్ని సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. యాంటిక్ క్యాటర్‌పిల్లర్ మెషినరీ ఓనర్స్ క్లబ్బులో ఇదే పనిలో తల పండినవాళ్లు దొరుకుతారు. పాత క్యాటలాగులు, ఫొటోలు చూడాలంటే డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఎఫ్. హాల్ హిగ్గిన్స్ సేకరణ ఉంది. ఇంటర్నేషనల్ బళ్ల కాగితాలను విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ దాచింది. బండి కొత్తలో ఎంత లాగేది, ఎంత ఇంధనం తాగేది అన్న లెక్కలు నెబ్రాస్కా ట్రాక్టర్ పరీక్షల నివేదికల్లో చూడొచ్చు. 1919లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ట్రాక్టర్లను పరీక్షించాలంది. అమ్మే కంపెనీ విడిభాగాలను అక్కడే నిల్వ ఉంచాలని కూడా అంది. రైతు కష్టం తెలిసినవాళ్లు చేసిన చట్టమది.

ఇక పనిముట్లు. ఈ బళ్ల నట్లన్నీ అంగుళాల లెక్కవే. మిల్లీమీటర్ల పానా పెట్టి బలవంతం చేస్తే మూలలు అరిగి నట్టు గుండ్రంగా తయారవుతుంది. ముప్పావు అంగుళం డ్రైవ్ సాకెట్ సెట్టు, టార్క్ రెంచి, ఫీలర్ గేజి, బరువు మోసే జాకీలు, దిమ్మలు తప్పనిసరి. పాత రోలర్లకు మామూలు గ్రీజు గన్ మూతి పట్టదు. వాటికి తగ్గ చేతి పంపును పాత సామాన్ల వేలంలో వెతుక్కోవాల్సిందే.

చైన్ బిగువు చూడటానికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు. బండిని చదునైన నేల మీద కొద్దిగా ముందుకు నడిపి ఆపాలి. ముందుండే ఐడ్లర్ చక్రం మీద ఒక కొస, పై రోలర్ మీద ఒక కొస ఆనేలా చైన్ మీద తిన్నని చెక్క పట్టీ పరిచి, నడుమ చైన్ ఎంత జారిందో స్కేలుతో కొలవాలి. చిన్న క్రాలర్లకు మామూలుగా అంగుళం, అంగుళంన్నర మధ్య ఉంటే చాలు. కచ్చితమైన కొలత ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. మరీ బిగిస్తే పిన్నులు, బుష్షులు, స్ప్రాకెట్ పళ్లు అరిగిపోతాయి. వదులుగా వదిలేస్తే వాలులో మలుపు తిప్పినప్పుడు చైన్ ఊడిపోతుంది.

పిన్నులు, బుష్షులు ఒక పక్కే అరుగుతాయి కనుక వాటిని ఊడదీసి అరచుట్టు తిప్పి మళ్లీ కూర్చోబెట్టడం పాత పద్ధతి. అందుకు టన్నుల బరువుతో నొక్కే ప్రెస్సు కావాలి. సమ్మెటతో కొట్టే పని కాదు, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపుకు చైన్ పంపడమే చవక. ఐడ్లర్ వెనకున్న పెద్ద స్ప్రింగు టన్నుల బలంతో నొక్కుకుని ఉంటుంది. సరైన బిగింపు లేకుండా విప్పితే ప్రాణం మీదికొస్తుంది. పాత క్లచ్చి, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు, తడిపి తుడవాలి.

మన దేశానికీ ఈ బళ్లతో పాత సంబంధమే. మధ్య భారతంలో రెల్లుగడ్డి కమ్మేసిన భూములను మళ్లీ సాగులోకి తేవడానికి 1949లో ప్రపంచ బ్యాంకు అప్పుతో భారీ ట్రాక్టర్లు తెప్పించారు. ఈరోజు గోదావరి, కృష్ణా డెల్టాల్లో తడి పొలంలో వరి కోసే చైన్ మిషన్లవి రబ్బరు చైన్లు. అయినా బిగువు చూడటం, రోలర్ల మధ్య ఎండిన మట్టి గీకడం, నంబరు చెప్పి భాగం అడగడం అన్నీ వాటికీ వర్తిస్తాయి. సార్వా కోతలు ముగిశాక దాళ్వా కోతలకు ముందు దొరికే వ్యవధిలో ఈ పనులు చూసుకోవచ్చు. యంత్రాల మీద శిక్షణ కావాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మిషన్ కొనేటప్పుడే డీలర్ దగ్గర భాగాల పుస్తకం కూడా అడిగి తీసుకోవాలి.