దురద లేని మచ్చనే అనుమానించాలి

ప్రశ్న: మా నాన్నకు 52 ఏళ్లు. మోచేతి కింద రాగిరంగు మచ్చ వచ్చి ఏడాది దాటింది. దురద, నొప్పి లేవని శోభి అనుకుని ఆయింట్‌మెంట్ రాశాం. ఈమధ్య కాలి నుంచి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు. ఆశా కార్యకర్త చూసి, కుష్టు కావచ్చు, పీహెచ్‌సీకి తీసుకురమ్మంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నాన్నకు కంచం, మంచం వేరు చేయాలా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్ జిల్లా

జవాబు: కంచం సంగతి తర్వాత, ముందు చెప్పు సంగతి చూడండమ్మా. షుగర్ ఉన్నవాళ్లకూ పాదం మొద్దుబారుతుంది. కానీ మీ నాన్నగారికి మచ్చ కూడా ఉంది కాబట్టి ఈ వారమే తీసుకెళ్లండి. కళ్లు మూసుకోమని చెప్పి, బాల్‌పెన్ కొనతో మచ్చ మీద మెల్లగా తాకి, ఎక్కడ తాకామో వేలితో చూపించమంటారు. శోభిలో, బొల్లిలో స్పర్శ పోదు. కుష్టు మచ్చలో పోతుంది. మోచేయి వెనక నరం లావెక్కిందా అని తడిమి కూడా చూస్తారు.

కుష్టే అని తేలితే మందులు ఉచితం. మచ్చలు 5 లోపుంటే సాధారణంగా 6 నెలలు, అంతకు మించితే ఏడాది వాడాలి. మందులు మొదలయ్యాక ఇతరులకు అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది. కంచం, మంచం వేరు చేయనక్కర్లేదు. పిల్లలతో సహా ఇంట్లో అందరూ ఒంటిమీద మచ్చలున్నాయేమో చూపించుకోండి. రెండేళ్లు దాటినవాళ్లకు డాక్టరు పరీక్షించి, ముందుజాగ్రత్తగా ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇవ్వవచ్చు.

చెడిపోయిన నరానికి పోయిన స్పర్శ ఒక్కోసారి తిరిగి రాదు. అందుకే ఆయన పాదాలు రోజూ రాత్రి మీరే చూడండి. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా ఆయనకు తెలియదు. చెప్పుకు వెనక పట్టీ ఉండాలి.

ప్రశ్న: కుష్టుకు మూడు నెలలుగా మందులు వాడుతున్నాను. ఇప్పుడు పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బాయి, మోచేయి లాగుతోంది. ఒళ్లూ నల్లబడింది. మందు పడలేదేమో, ఆపేయమంటున్నారు మావాళ్లు.
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: ఆపకండి. చనిపోతున్న క్రిముల మీద ఒళ్లు తిరగబడడాన్ని రియాక్షన్ అంటారు. మోచేయి లాగుతోందంటే నరం వాస్తోందని అర్థం. రోజుల వ్యవధిలోనే వేళ్లు వంకర పోవచ్చు. రేపే వెళ్లండి. డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్ మాత్రలు అవసరమవుతాయి. మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు. నలుపంటారా, అది మీ మందుల్లోని క్లోఫాజిమిన్ పని. కోర్సు అయ్యాక కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది.