పరపట్టణములో చిన్న సంతోషములు

పాఠ్యభాగము: యిర్మీయా 29:4–7

బబులోను చెరలోనివారికి ప్రవక్త వ్రాసిన ఉత్తరములో ఇల్లు, తోట, పండ్లు, పెండ్లి అను దినదిన సంగతులే ఉన్నవి. ఎందుకు?

మా సంఘపు బిడ్డ ఒకడు చదువుకై దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో చేరి, నెలదినములు పెట్టె సర్దుకొనక, తిరిగివచ్చు దినములే లెక్కించుచుండెను. మేము చూడబోతిమి. ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి, 2018లో వచ్చిన మెట్రో రైలెక్కగా మూడవ స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. సాయంకాలము వానితో సరూర్‌నగర్ రైతుబజారునకు పోతిమి. గోంగూర అమ్ము అవ్వ మన యాసలోనే "ఏ ఊరు బిడ్డా?" అనెను. వాని ముఖము విప్పారెను. ఆ రాత్రి పెట్టె విప్పి బట్టలు సర్దుకొనెను.

బిడ్డలను పట్టణమునకు పంపునప్పుడు మనము జాగ్రత్తలే చెప్పుచున్నాము. అక్కడి చిన్న సంతోషములను కృతజ్ఞతతో అనుభవించుమనియు చెప్పుదము. అది ఊరిని మరచుట కాదు. ఆ పట్టణపు క్షేమమును కోరుటకు మొదటి మెట్టు.

ఆలోచించుడి: దూరమున్న మన బిడ్డను ఈ వారము ఏ సంతోషమును గూర్చి అడుగుదము?